పదిహేనో నాళం

ఓయెయ్‌రష్‌లో రాత్రి పదకొండు దాటాక
ప్రయోగశాలకి ఫెలిజ్మీనా ఒక్కతే దిక్కు.
కిటికీ అవతల, తేజు నది సముద్రంలో కలిసే చోట
దీపస్తంభం ఓసారి ఆకుపచ్చగా రెప్ప వేస్తుంది,
ఆలోచించుకుంటుంది, మళ్లీ వేస్తుంది.
కిటికీ ఇవతల, మైక్రోస్కోపు తెర మీద
లిల్లీ పుప్పొడి నాళం కొసన
ఇంకో ఆకుపచ్చ.

పూలకొట్లో కొన్న లిల్లీ అది.
దాని పుప్పొడి రేణువొకటి చక్కెర నీళ్లలో పడి
గంటకల్లా పొట్ట చీల్చుకుని ఒక వేలు చాపింది.
ఎముక లేని వేలు. కళ్లు లేని వేలు.
రైలొచ్చే వేళ ప్లాట్‌ఫారం అంచున జనంలా
దాని కొసన కాల్షియం కిక్కిరిసి ఉంటుంది,
వెనక్కి పోయే కొద్దీ పలచన.

కాల్షియం అంటే ఏమనుకున్నారు, సున్నంలో ఉండేదే.
ఫెలిజ్మీనా వాళ్ల అలెంతేజు మైదానంలో
ఏటా ఎండలు ముదరకముందే ఆడవాళ్లు
పొడుగాటి రెల్లుకర్రకి కుంచె కట్టి ఇళ్లకి వెల్ల వేస్తారు.
తల్లి జెర్త్రూదిశ్ తొట్టిలో సున్నపురాళ్లు వేస్తే
నీళ్లు బుసకొట్టి పొంగి
పిల్లల్ని రెండడుగులు వెనక్కి నెట్టేవి.
పొయ్యి లేకుండా ఉడికే నీళ్లు!
రాయి లోపల ఎవరో ఉన్నారని
ఆ పిల్ల అప్పుడే నమ్మేసింది.
ఇప్పుడు జీతం తీసుకుని
కంటికానని ఒక వేలి కొసకి
వెల్ల వేస్తోంది.

చెప్పడానికి పని తేలికే.
కాల్షియాన్ని అణువంత పంజరంలో బంధించి
నాళంలోకి ఎక్కించాలి.
కొసకి ఎడమ పక్క
అతినీలలోహిత కాంతి, ఒక్క మెరుపు.
పంజరం విరుగుతుంది.
ఆ పక్క కాల్షియం చిక్కబడుతుంది.
నాళం కాసేపు ఆగుతుంది,
పిలిచిందెవరా అన్నట్టు.
ఆ తరవాత ఎడమకి.

మెడ లేనిది తల తిప్పడం చూడాలంటే
ఓపికుండాలి. ఆమెకుంది.

ఒక్క సంగతి మాత్రం ఆమెకి ఇప్పటికీ మింగుడుపడదు.
నాళం ఒకే తీరున సాగదు.
ఉరుకుతుంది, నెమ్మదిస్తుంది, మళ్లీ ఉరుకుతుంది.
ఉరికిన కొన్ని సెకన్లకి గానీ కొస వెలగదు.
అడుగు ముందు, దీపం తరవాత.
మరి దీపం దారి చూపిస్తోందా,
నడిచిన దారికి సంతకం పెడుతోందా?
ప్రొఫెసరుగారిని అడిగితే
రెండు కాఫీలు తాగి
"రెండూ" అన్నారు.

పద్నాలుగు నాళాలు చెప్పినట్టు విన్నాయి.
పదిహేనోది, ఆమె చెయ్యి మీట మీదకి వెళ్లకముందే
కుడికి తిరిగింది.

ఎవరూ మెరుపు కొట్టలేదు.
పళ్లెం తిప్పి చూసింది, వెతికింది.
ఓ మూల, గోరు చివరంత, వాడిన కీలాగ్రం ముక్క.
పొద్దున కుర్రాడు గశ్పార్ కోసి
తుడవడం మరిచినది.
పువ్వు గుమ్మం అది.
గుమ్మం ఉంది, వెనక ఇల్లు లేదు.
అయినా దాని నుంచి ఏదో కరిగి నీళ్లలో పాకింది,
నాళానికి కుడిచెంప తడిమింది,
కుడిచెంపే వెలిగింది.

నోటు పుస్తకంలో రాసింది:
పదిహేను. లెక్కలోకి రాదు.
కుర్చీ మాత్రం వదల్లేదు.

మూడున్నరకి చేరింది. గుమ్మాన్ని తాకింది.
అక్కడ మొదలవ్వాల్సిన ప్రయాణం,
జానెడు కీలం, దాని అడుగున ఎదురుచూసే అండం,
ఏవీ లేవు.
కొస నుంచి మొదలు దాకా ఒక్కసారిగా ఆకుపచ్చ పొంగి,
తొట్టిలో సున్నంలా పొంగి,
పగిలింది.
పువ్వులో అయితే దాన్ని పెళ్లి అంటారు.
ఇక్కడ ఏమనాలో
ఆమె రాయలేదు.

పళ్లెం కడిగింది. మణికట్టు మీద
పుప్పొడి నారింజ మరక మాత్రం పోలేదు.

ఇంకా తెల్లవారని వీధిలో
స్టేషను కుడివైపు. రోజూ కుడివైపే.
కాళ్లు ఎడమకి తిరిగాయి.
నాలుగడుగులు వేశాక తెలిసింది
రొట్టెల కొట్టు పొయ్యి రాజేశారని.
జేబులో చిల్లర ఉందో లేదో
ఆ తరవాత చూసుకుంది.